ఆఫీసరు గారి మీసం

నెమ్మదయ్యా, నెమ్మది! ఇవాళ నా గొంతు కొయ్యడానికి పరీక్షల బోర్డు ఆఫీసరు గారు నిన్ననే పనిగట్టుకుని దిగారు గెస్ట్‌హౌస్‌లో. అంతా నువ్వే కోసేస్తే పాపం ఆయనకేం మిగులుతుంది?

నవ్వు, నవ్వు. ఊరంతా నవ్వుతోంది, నువ్వొక్కడివే ఎందుకు బిగబట్టుకోవడం? పదకొండింటికి రమ్మన్నారు నన్ను. హెడ్మాస్టరు గది బయట ఒక బెంచీ ఉంటుంది, అల్లరి చేసిన వెధవల్ని కూర్చోబెట్టే బెంచీ. నేనే ఎంతమందిని కూర్చోబెట్టానో దానిమీద! ఇవాళ నేను కూర్చోవాలి. పిల్లలు అటూ ఇటూ పోతూ చూస్తారు. చూడనీ.

మీసమా? తీసెయ్, తీసెయ్. నున్నగా తీసెయ్. వచ్చిన ప్రతిసారీ అడుగుతావేంటయ్యా, పోయిన మీసం నీదైనట్టు?

సరే, ఏమంటున్నారు బయట? చెప్పు, ఫర్వాలేదు. నీ కుర్చీలో కూర్చోని మగాడు ఎవడున్నాడు ఈ ఊళ్ళో? ట్యూషన్ పిల్లల కోసం మాస్టారు మిషను పాడు చేశాడు, పేరా చదువుతూ జవాబు వచ్చిన చోటల్లా దగ్గాడు. అంతేనా?

దగ్గాడట! దగ్గితే అర్థమయ్యేంత తెలివి ఆ పిల్లలకే ఉంటే నేను దగ్గడం ఎందుకయ్యా?

నీకు మా పరీక్ష సంగతి తెలీదు కదూ. చెప్తా విను. పన్నెండో తరగతి పిల్లలకి ఇంగ్లీషులో రాతపరీక్ష ఒకటి, మాట్లాడే పరీక్ష ఒకటి, వినే పరీక్ష ఒకటి. వినే పరీక్షంటే ఏం లేదు, ఒక పేరా వినిపిస్తారు, పిల్లలు విని జవాబులు రాయాలి. చిన్న పరీక్షే. కానీ అది తప్పితే ఇంగ్లీషు తప్పినట్టు, ఇంగ్లీషు తప్పితే పన్నెండు తప్పినట్టు. ఎవడు పెట్టాడో ఈ రూలు, వాడికి పిల్లల్లేరనుకుంటా.

ఇన్నాళ్ళూ ఆ పేరా మేమే చదివేవాళ్ళం. ఈ ఏడు బోర్డు వాళ్ళకి కొత్త బుద్ధి పుట్టింది. ఒక్కో మాస్టారు ఒక్కోలా చదువుతున్నాడని, ఎవరిచేతో చదివించి రికార్డు చేసి పంపించారు. స్పీకరు పెట్టెలో పెట్టి వినిపించాలి. పెట్టె పాడైతే మాత్రం సీలు వేసిన కవరు విప్పి మాస్టారు చదవొచ్చు.

పెట్టె పాడైంది. అంటే, పాడు చేశాను.

ఏంటి అలా చూస్తావ్? ఇంకాసేపట్లో ఆయనకే చెప్పబోతున్నా, నీ దగ్గర దాపరికం ఏముంది? పిల్లలు హాల్లోకి రాకముందు, వైరు చివర ఉంటుందే సన్నటి పిన్ను, దాన్ని ఇలా పట్టుకుని మెలిపెట్టి విరిచేశాను. చెత్తబుట్టలో పడేశాను. ఎంత తెలివైనవాణ్ణో చూడు, జేబులో వేసుకుని బయటికి పోయి పారేయాలన్న ఆలోచన కూడా రాలేదు. ఫిజిక్సు మాస్టారు ఆ పిన్ను ఏరి, కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూసి, ఇది దానంతటది విరిగింది కాదు, చేత్తో మెలితిప్పింది అని తేల్చేశాడు. హెడ్మాస్టరు దగ్గర అన్నాడు. ఆయన మంచివాడే. పాపం, చూసింది చెప్పాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు చేశావని అడగవేం? ఊరంతా అడుగుతోంది, నువ్వు తప్ప.

కత్తి తియ్యి ఒక్క నిమిషం. ఇది చెప్తుంటే కదులుతాను నేను. తలుపు దగ్గరికి వెయ్యి. ఎవరైనా వస్తే తర్వాత రమ్మను. ఇది మా ఆవిడకి కూడా తెలీదు. నీకెందుకు చెప్తున్నానంటే... ఉండు, చెప్తాను, నీతో ఒక పనుంది. అసలు పొద్దున్నే వచ్చింది అందుకే, గడ్డానికి కాదు.

పోయిన చలికాలం నా గొంతు పోయింది, గుర్తుందా? నువ్వే కదా వేణ్ణీళ్ళలో ఉప్పు వేసుకుని పుక్కిలించమన్నావు. ఆ రోజుల్లో ఒకపూట క్లాసులో డిక్టేషన్ చెప్తున్నాను. నాలుగు వాక్యాలు చెప్పానో లేదో గొంతు పూర్తిగా పడిపోయింది. గాలి తప్ప ఏమీ రావట్లేదు. నాకు తెలీలేదయ్యా! పుస్తకంలో తల పెట్టుకుని చెప్పుకుంటూ పోతున్నాను. వెనక బెంచీల్లో కిసకిసలు మొదలయ్యాయి. తలెత్తి చూస్తే అందరూ కలాలు కింద పెట్టేసి నవ్వుతున్నారు. మాస్టారి నోరు ఆడుతోంది, మాట లేదు. నవ్వరూ మరి?

ఒక్కర్తి నవ్వడం లేదు. ముందు బెంచీలో అమ్మాయి. రాస్తోంది. నా మొహంలోకి చూడ్డం, తల వంచి రాయడం, మళ్ళీ చూడ్డం.

దగ్గరికెళ్ళి చూశాను. నేను గొంతు లేకుండా అన్న వాక్యాలన్నీ అక్కడున్నాయి. మధ్యమధ్య కొన్ని మాటలు లేవు, ఖాళీలు వదిలేసింది. మిగతావన్నీ ఉన్నాయి.

పుస్తకం మూసేశాను. అందరికీ సెలవిచ్చేశాను ఆ పీరియడ్‌కి.

ఆ పిల్లని క్లాసులో మాలోకం అంటారు. పిలిస్తే పలకదు, ఏదో అడిగితే ఏదో చెప్తుంది, ఎప్పుడూ ఎటో చూస్తున్నట్టుంటుంది. మేమూ అలాగే అనుకున్నాం. సాయంత్రం అందరూ వెళ్ళాక ఆగమన్నాను. గొంతు లేదు కదా నాకు, పెదాలతోనే అడిగాను. నీకు వినపడదా అమ్మా?

ఏడ్చిందయ్యా. చప్పుడు లేకుండా ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఎవరికీ చెప్పకండి సార్ అంది.

ఎనిమిదో తరగతి నుంచీ తగ్గుతూ వచ్చిందట. ఇప్పుడు ఎక్కడో పెద్ద చప్పుళ్ళు తప్ప ఏమీ లేవు. ఇంట్లో ఎవరికీ తెలీదు, వాళ్ళమ్మకి తప్ప. వాళ్ళమ్మకీ ఇంతే. ఆవిడకి ఈ పిల్ల పుట్టాక పోయిందట వినికిడి. ఇప్పుడు ఆ ఇంట్లో ఆవిడ ఎదురుగానే కూర్చుని ఆవిడ గురించి మాట్లాడుకుంటారట. ఆవిడ పెట్టిన అన్నం తింటూ. అక్కడ ఒక మనిషి ఉందన్న ధ్యాసే ఉండదట ఎవరికీ. అదంతా వాళ్ళ పెదాల మీద చదువుకుంటూ, వడ్డిస్తూ ఉంటుందట ఆవిడ. పెదాలు చదవడం ఈ పిల్లకి నేర్పింది ఆవిడే.

నేనన్నాను, దీనికి ఇంత దాపరికం ఎందుకమ్మా, డాక్టరు సర్టిఫికెట్ పెడితే వినే పరీక్ష నీకు లేకుండా చేస్తారు కదా అని. దానికి నాన్న సంతకం కావాలి సార్ అంది. నాన్నకి తెలిస్తే చదువు మాన్పించి అమ్మ పక్కన కూర్చోబెడతాడు అంది. నీకు తెలిసిన మనిషే ఆయన. లారీ డ్రైవరు, పొడుగాటి మనిషి, నీ దగ్గరికే వస్తాడు. మాట కటువుగాని చెడ్డవాడు కాదంటావా? అయ్యుండొచ్చు. కూతురికి మాత్రం హడల్.

పోనీ నీ స్నేహితులకైనా చెప్పొచ్చు కదా, మాలోకం అనిపించుకోవడం ఎందుకూ అన్నాను. ఏమందో తెలుసా? మాలోకం అంటే ఫర్వాలేదు సార్. చెవిటిది అని తెలిస్తే ఇంక నాతో ఎవరూ ఏమీ అనరు. నా గురించి పక్కవాళ్ళతో అంటారు.



తర్వాత నేను అడిగాను, నువ్వు వదిలేసిన ఆ ఖాళీలేంటని. అడగ్గా అడగ్గా చెప్పింది. మీసం అడ్డొస్తోంది సార్.

ఇప్పుడు తెలిసిందా, ఆ మర్నాడు పొద్దున్నే వచ్చి ఈ కుర్చీలో కూలబడి తీసెయ్యమని ఎందుకన్నానో? పెళ్ళినాటి మీసం. నువ్వు నమ్మలేదు. నిజంగానా మాస్టారూ, నిజంగానా అంటూ ఎన్నిసార్లు అడిగావో! ఇంటికెళ్తే మా ఆవిడ తలుపు తీసి, ఎవరు కావాలండీ అంది. తర్వాత వారం రోజులు సణుగుడే. ఈ వయసులో ఈ సోకులు ఎవరికోసం అట. స్టాఫ్‌రూములో అయితే చెప్పనే అక్కర్లేదు. ఏం మాస్టారూ, రెండో పెళ్ళా అని ఒకరు, నాటకంలో ఆడవేషం దొరికిందా అని ఒకరు. నేనూ నవ్వాను వాళ్ళతో పాటు. ఏం చేస్తాను?

మీసం ఒక్కటే కాదు. చూడు, మాకు అలవాటు ఏంటంటే బోర్డు మీద రాస్తూనే పాఠం చెప్పేస్తాం. రాసేటప్పుడు ఆ పిల్లకి కనపడేది మా వీపు, వీపు పాఠం చెప్పలేదు కదా. అందుకని రాసేటప్పుడు నోరు మూసుకోవడం, మాట్లాడేటప్పుడు వీళ్ళ వైపు తిరగడం నేర్చుకున్నాను. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం చీకటి. అందుకని అటు పక్కకి మారాను. వక్కపొడి మానేశాను. చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గడం మానేశాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఇంగ్లీషు సరిగ్గా చెప్పింది ఏదైనా ఉందంటే ఆ సంవత్సరమే. మొత్తం క్లాసు బాగుపడిందయ్యా! మాస్టారికి ఈమధ్య మాట స్పష్టంగా వస్తోంది అనుకున్నారు పిల్లలు. పళ్ళు కట్టించుకున్నాడేమో అని కూడా అనుకున్నారట.

సాయంత్రాలు కాసేపు కూర్చోబెట్టేవాణ్ణి. నాకేం తెలుసు ఇలాంటి పిల్లలకి చెప్పడం? నేను ఇంగ్లీషు మాస్టార్ని, డాక్టర్ని కాదు. మన భాషలో అయితే సగం మాట చూసి సగం ఊహించుకుంటుంది. ఇంగ్లీషులో ఊహ అందదు కదా. చాలా మాటలు పెదాల మీద ఒకేలా ఉంటాయట, వాక్యం మొత్తం పట్టుకుంటేగానీ మాట తెలీదట. అందుకని ఒక్కో వాక్యం పదేపదే. నేను అనడం, తను చూడ్డం, తిరిగి అనడం. తన గొంతు పైకీ కిందకీ వెళ్ళదు, అంతా ఒకే మట్టం. కానీ ప్రతి మాటా అర్థమై అంటుంది.

మిగతావాళ్ళ సంగతి చెప్పనా? పన్నెండో తరగతికి వచ్చారు, సొంతంగా ఒక్క వాక్యం అనరు. మాట్లాడే పరీక్షకి పిలిస్తే అందరూ ఒకటే అప్పజెప్తారు, నేను చేసిన బస్సు ప్రయాణం అని. మధ్యలో ఆపి నీ పేరేంటి అని అడిగితే మళ్ళీ బస్సు మొదటి స్టాపు నుంచి బయల్దేరుతుంది! మనమే అలా తయారుచేశాం, వాళ్ళననడం దేనికి. ఈ పిల్ల మాత్రం ఒకరోజు అడిగింది, మైక్రోస్కోపులో చూడ్డానికి చెవులు ఎందుకు సార్ అని. ఇంగ్లీషులోనే అడిగింది. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకి వెళ్తుందట. పన్నెండు గట్టెక్కితే సీటు వస్తుంది. హాస్టలు ఉంటుంది. అక్కడికెళ్ళి, తన కాళ్ళమీద తను నిలబడ్డాక నాన్నకి చెప్తానంది. అదీ దాని లెక్క. తప్పేముంది?

మేం ఇద్దరం ధైర్యంగానే ఉన్నాం. వినే పరీక్షలో పేరా చదివేది నేనే కదా. నా మొహం దానికి పుస్తకం. అప్పుడొచ్చింది బోర్డు నుంచి ఆ పెట్టె.

పెట్టెకి పెదాలేవయ్యా?

అదిగో, అందుకు విరిచాను పిన్ను. ముందు బెంచీ ఎదురుగా నిలబడి చదివాను. ఆ పిల్ల రాయడానికి తల వంచిందంటే నా మాట పోతుంది దానికి. అందుకని ప్రతి వాక్యం దగ్గరా కాస్త ఆగాను, అది రాసుకుని తలెత్తేదాకా. ఆ ఆగడమే ఊళ్ళోకొచ్చేసరికి దగ్గయింది. జవాబు ఒక్కటీ చెప్పలేదు. ఒట్టు. బాగా రాసింది కూడా.

ఇప్పుడు అసలు చిక్కు విను. నిన్న ఆ ఆఫీసరు నన్ను పిలిచి నెమ్మదిగానే మాట్లాడాడు. ఇది మీ అంతట మీరు చేసిన పిచ్చిపని అయితే మీ ఉద్యోగం పోతుంది, పిల్లల మార్కుల జోలికి రాను. ఎవరో ఒక విద్యార్థి మీద జాలిపడి చేశారని తేలితే ఆ విద్యార్థి పేపరు రద్దు, మీకు మందలింపుతో సరిపెట్టొచ్చు అన్నాడు. ఆలోచించుకుని రేపు చెప్పమన్నాడు.

ఆలోచించడానికేముంది? నా అంతట నేనే చేశాను అంటాను. పెట్టెలో గొంతు కంటే నా గొంతు బాగుంటుందని పొగరు పట్టి చేశానంటాను. ఉద్యోగం పోతే పోయింది. మా ఆవిడకి ఏం చెప్పాలో ఇంకా తెలీదు. ఎలాగోలా చెప్తాను. రాత్రంతా దొర్లాను, చివరికి అలా అనుకుని లేచాను.

కానీ ఆయన అంతటితో ఊరుకునే రకం కాదే! ఇవాళ మధ్యాహ్నం పిల్లల్ని ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి అడుగుతాడట, మాస్టారు ఏం చేశాడు, ఎలా చదివాడు అని. ఆయన మీసం చూశావా? చూడకపోతే ఇవాళ చూస్తావు, నిన్ను గెస్ట్‌హౌస్‌కి రమ్మన్నారని మా అటెండరు చెప్పాడులే, ఆఫీసరు గారికి గడ్డం చెయ్యాలని. మీసమా అది? గుమ్మానికి కట్టిన గోనెపట్టా. పైపెదవి లేదు, కింది పెదవి సగమే ఉంది. మాట్లాడుతుంటే ఆ పట్టా కదులుతుంది గాని లోపలేం జరుగుతుందో దేవుడికే తెలియాలి.

ఆ పిల్ల వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడుతుంది. ఆయన ఏదో అడుగుతాడు. అది తెల్లమొహం వేస్తుంది. మళ్ళీ అడుగుతాడు. అంతే, అయిపోయింది. ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది ఆయనకి, పిన్ను ఎవరికోసం విరిగిందో.

అందుకని... ఇదిగో, నా వైపు చూడు. నవ్వులాట కాదు. చెయ్యి జారినట్టు ఆ మీసం ఒక పక్క కొంచెం తీసెయ్. ఎక్కువ అక్కర్లేదు. ఒక పక్క పోతే రెండో పక్క నువ్వు ఉంచుతానన్నా ఆయన ఉంచుకోడు. పొరపాటైంది సార్, క్షమించండి అను. నాలుగు తిడతాడు. పడు. నా కోసం పడు. ఇన్నాళ్ళలో నిన్ను ఏమైనా అడిగానా నేను? ఉద్యోగం నిలబెట్టమనడం లేదు, అది ఎలాగూ పోయేదే. ఆ పెదాలు కనపడేలా చెయ్యమంటున్నాను, అంతే. ఆయన పెదాలు కనపడితే చాలు, ఆ పిల్ల జవాబు చెప్పేస్తుంది. నా పిల్ల అది, నాకు తెలుసు.

ఏంటయ్యా? కత్తి ఎందుకు అక్కడ పెట్టేశావు? తప్పు పనే. తప్పు పనని నాకూ తెలుసు.

ఆఁ?

అయిపోయిందా? ఎప్పుడు? తెల్లారగట్లే వెళ్ళొచ్చావా? మరి ఇంతసేపూ నన్ను వాగనిచ్చి...

ఔనౌను. నేను చెప్పనిస్తే కదా.

పోనీ ఇప్పుడు మళ్ళీ వెళ్ళడానికి ఏదో ఒక వంక... ఏంటి? ఎవరొచ్చారు?

ఆ పిల్లా? గెస్ట్‌హౌస్‌కా? ఎందుకొచ్చింది? నువ్వు అక్కడుండగానేనా? ఎవరితో? వాళ్ళమ్మతోనా? వాళ్ళ నాన్న లేడా, లారీ మీద వెళ్ళాడా?

చెప్పు. చెప్పవయ్యా, నా మొహం చూస్తావేంటి.

మొహం నిండా నురగతో ఉన్నాడా ఆయన? ఏమడిగాడు? ఆఁ. ఆఁ. అది ఏమంది?

మీ మూతి కనపడితేగానీ నాకు తెలీదు, దయచేసి ఆ నురగ తుడుచుకోండి అందా! ఆఫీసరుతోనా! తుడుచుకున్నాడా? తుడుచుకున్నా లాభం లేదులే, మీసం ఉండగా.

ఇంగ్లీషులోనా? అదంతా ఇంగ్లీషులోనే చెప్పిందా? నీకెలా తెలిసింది మరి? ఓహో, ఆయనే తర్వాత నీకు చెప్పాడా. తడబడిందా? ఎక్కడా ఆగలేదా? వాక్యం తర్వాత వాక్యం, పూర్తిగా, తనంతట తను?

ఒక్క నిమిషం. ఏం లేదు, కంట్లో సబ్బు పడింది. తువ్వాలు ఇటివ్వు.

ఏం చెప్పిందట? నాకు వినపడదు, మా మాస్టారు నా కోసమే చేశారు, ఆయనది తప్పు లేదు, నా మార్కులు తీసేయండి అని. అంతే కదా? అంతేలే. అది అంత సూటిగానే మాట్లాడుతుంది. నేనే నేర్పాను, చుట్టూ తిప్పకు, ఉన్నది ఉన్నట్టు చిన్న వాక్యాల్లో చెప్పు అని. నిన్న ఆయన నాతో అన్న మాట దానికెలా తెలిసింది? స్టాఫ్‌రూము కిటికీలోంచి చూసుంటుంది. గాజు తలుపులు పెట్టారు కదా మా బళ్ళో ప్రతిదానికీ. ఆయన మాటలు నేను స్టాఫ్‌రూములో హెడ్మాస్టరుకి తిరిగి చెప్తుంటే నా పెదాల మీద నుంచే మొత్తం చదివేసుంటుంది.

మరి ఆయన ఏమన్నాడు దాంతో?

ఏమీ అనలేదా? ఏమీ అనకపోవడమేంటి?

నీతో అన్నాడా? నీతోనా? ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉండగా, వాళ్ళమ్మ నిలబడి ఉండగా, నీ వైపు తిరిగి చెప్పాడా? ఇలాంటి పిల్లలకి వేరే బడి ఉంటుంది, ఈ బడికి ఎందుకు పంపారో, ఈ ఏడు పేపరు రద్దు, వచ్చే ఏడు చూసుకోమను అని. నీతో! గడ్డం గీస్తున్నవాడివి, నీకేం సంబంధం? అది చూస్తూనే ఉందా ఆయన మొహం? చూస్తూనే ఉంటుంది. అది చూపు తిప్పదు. నువ్వేం చేశావు?

ఊఁ. నువ్వేం చేస్తావులే. చేతిలో కత్తి ఉంటే ఏం లాభం.

తర్వాత? నమస్కారం పెట్టి వెళ్ళిపోయారా ఇద్దరూ? ఎటు వెళ్ళారు? బడివైపు కాదా. ఇంటివైపా.

అంటే సీటు పోయినట్టే. హాస్టలూ పోయింది. సాయంత్రం లారీ వస్తుంది, ఆయన చెవిన ఎవరో ఒకరు వేస్తారు. రేపట్నుంచి ఆ ఇంట్లో ఇద్దరు వడ్డిస్తారు, మిగతావాళ్ళు తింటూ వాళ్ళ గురించి మాట్లాడుకుంటారు.

మరి నా సంగతి ఏమన్నా అన్నాడా?

మందలింపుతో సరిపెడతానన్నాడా. ఊఁ. మంచివాడే పాపం, విద్యార్థి మీద జాలితో చేశాడు అన్నాడా. ఊఁ.

తుడువు, ఆ పక్క ఇంకా నురగ ఉంది. కాసేపు మాట్లాడకు నాతో.

లేదులే, నేనే చెప్తాను. ఎవరికో ఒకరికి చెప్పాలి. నువ్వు ఇప్పుడా మాట అన్నావే, మందలింపుతో సరిపెడతాడట అని. అది వినగానే ముందు నాకేమనిపించిందో తెలుసా? ఆ పిల్ల కాదయ్యా. దాని సీటు కాదు. వాళ్ళమ్మ కాదు. హమ్మయ్య అనిపించింది. ఉద్యోగం ఉంటుంది, మా ఆవిడకి ఏమీ చెప్పక్కర్లేదు, హమ్మయ్య. కడుపులోంచి వచ్చింది. పోతే పోయింది అనుకుని రాత్రంతా దొర్లినవాణ్ణి, పోలేదని తెలిసేసరికి నా ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాతే గుర్తొచ్చింది ఆ పిల్ల. తర్వాతే.

పైకి అనలేదు. నీకు వినపడలేదు కదా? వినపడదు, గొంతులోంచి రాలేదు. కానీ అద్దంలో చూసుకున్నాను, నా పెదాలు కదిలాయి. ఇంత నున్నగా గీశావు కదా, ఏ అడ్డూ లేకుండా స్పష్టంగా కనపడింది. అది ఇక్కడ ఉండుంటే ఆ మాట చదివేసేది.

లేదు కదా. బతికిపోయాను.

సరే, లేస్తాను. పదకొండింటికల్లా అక్కడుండాలి. ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడి, ఆ పిల్ల చెప్పింది నిజమేనండీ అని చెప్పాలి.